కాగితం చాటున కన్నం

పంపినవారు తెలిసినవారే, పత్రమూ మామూలుదే. తెరిచాక ఏం జరుగుతుందన్నదే ప్రశ్న

పోర్ట్‌బ్లెయిర్‌లోని లంబాలైన్‌లాంటి పేటలకు కాగితాలు ఓడలోనే రావలసిన రోజులు పోయాయి. కాలేజీ ప్రాస్పెక్టస్, హాల్‌టికెట్, శ్రీకాకుళంలోని పొలం తాలూకు నకళ్లు అన్నీ పీడీఎఫ్‌లుగా దిగుతున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. సొంతూరి నుంచి వచ్చిన ఫైలు తెరవడానికి ఎవరు వెనకాడతారు?

హ్యాకర్లకు కావలసిందీ అదే. పీడీఎఫ్ చూపులకు కాగితమే అయినా, దాన్ని తెరమీదకు తెచ్చే రీడర్ చాలా చాకిరీ చేస్తుంది. అక్షరాలు గీయాలి, బొమ్మలు విప్పాలి, అవసరమైతే జావాస్క్రిప్ట్ నడపాలి. ఫైల్లోని అంకెలను అది గుడ్డిగా నమ్మితే, కేటాయించిన మెమరీ హద్దు దాటి రాత పడుతుంది. హ్యాకర్ నేర్పరి అయితే ఆ రాతనే కంప్యూటర్ ఆజ్ఞగా పాటిస్తుంది.

జేబిగ్2 సంగతే చూడండి. స్కాన్ చేసిన పేజీలను కుదించే పద్ధతి ఇది. ఒకేలా ఉన్న అక్షరం వందసార్లు వచ్చినా ఒక్కసారే దాచుకుంటుంది. దాన్ని విప్పడంలో తమ రీడర్‌కు లోపముందని అడోబీ 2009 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. అప్పటికే దాడులు మొదలయ్యాయి. మొదటి సవరణ మార్చి 10న గానీ రాలేదు. కొన్ని సందర్భాల్లో ఫైలు తెరవనక్కర్లేదు, ఫోల్డర్‌లో కనిపిస్తే చాలునని పరిశోధకుడు డిడియర్ స్టీవెన్స్ చూపించారు. పన్నెండేళ్ల తర్వాత అదే జేబిగ్2 ఐఫోన్‌ను ముంచింది. జిఫ్ బొమ్మ వేషంలో వచ్చిన పీడీఎఫ్, యజమాని దేన్నీ నొక్కకుండానే పని కానిచ్చేది. 70 వేలకు పైగా ఆజ్ఞలతో ఫైల్లోనే ఓ బుల్లి కంప్యూటర్‌ను కట్టారని గూగుల్ ప్రాజెక్ట్ జీరో తేల్చింది. యాపిల్ 2021 సెప్టెంబర్ 13న ఆ కన్నం పూడ్చింది.

తెలుగువారికి దగ్గరి ఉదంతం భీమా కోరెగావ్ కేసు. 2016 జూన్ 13న హైదరాబాద్ కవి వరవరరావు ఈమెయిల్ ఖాతా వాడుతున్న ఎవరో, ఓ పత్రం తెరవమని రోనా విల్సన్‌ను పదేపదే కోరారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో వెల్లడించింది. తెరమీద పత్రం కనిపించింది. వెనక నెట్‌వైర్ అనే మాల్‌వేర్ చేరింది. కేసులో సాక్ష్యాలుగా చూపిన లేఖలను ఆ తర్వాత దొంగచాటుగా చొప్పించారన్నది సంస్థ వాదన. ఎన్ఐఏ దాన్ని తోసిపుచ్చింది. నిజానికి ఇక్కడ దెబ్బతీసింది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, నమ్మకం. అయితే ఇదే ముఠా ఇతరులపై మైక్రోసాఫ్ట్ 2012లోనే సరిచేసిన లోపాన్ని కూడా వాడిందని సెంటినల్‌వన్ 2022లో చెప్పింది. సవరణ వేసుకోనివారికి అది లేనట్టే.

అండమాన్‌లో సవరణ వేసుకోవడమే ఒకప్పుడు గగనం. ఉపగ్రహ లంకె మీద పదుల మెగాబైట్ల అప్‌డేట్ దింపడమంటే మిగతా పనులన్నీ ఆపుకోవడమే. చెన్నై నుంచి దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. కానీ దీవుల్లో ఇంకా మిగిలిన విండోస్ 7 యంత్రాలకు అది ఆలస్యంగా అందిన దారి. వాటికి ఉచిత సవరణలు పంపడం మైక్రోసాఫ్ట్ ఆ జనవరిలోనే మానేసింది.