సంగీతసంప్రదాయప్రదర్శిని: సుబ్బరామ దీక్షితుల విమర్శదృష్టి

ఉపోద్ఘాతం:
1904లో తమిళదేశంలోని ఎట్టయపురం నుండి వెలువడిన ‘సంగీతసంప్రదాయప్రదర్శిని’ తెలుగు భాషలో రచింపబడిన బృహద్గ్రంథం. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 ఇందులో స్వరలిపితో లభిస్తున్నాయి. అందువల్ల గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులను సంకలనకర్తగా మాత్రమే పరిగణించడం పరిపాటి అయింది. కాని గ్రంథ నిర్మాణాన్ని పరిశీలిస్తే, రాగస్వరూపం విషయంలో ఏది గ్రాహ్యమో నిర్ణయించే విమర్శకుడు అందులో కనిపిస్తాడు. ఆ విమర్శదృష్టిని, దాని పరిమితిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జీవిత నేపథ్యం:
సుబ్బరామ దీక్షితులు 1839లో జన్మించారు. ముత్తుస్వామి దీక్షితుల సోదరులైన బాలస్వామి దీక్షితులకు వీరు దౌహిత్రులు, దత్తపుత్రులు కూడా. ఆయన వద్దనే విద్య నేర్చి, ఎట్టయపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసులైనారు. కర్ణాటక కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటించిన చిన్నస్వామి మొదలియారు ప్రోత్సాహం, సంస్థానాధీశుల ఆదరణ గ్రంథరచనకు తోడ్పడ్డాయి. గురుముఖంగా సంక్రమించిన కుటుంబవిద్యను అచ్చువేసి అందరికీ అందించడం ఆనాటికి సాహసమే. గ్రంథం వెలువడిన రెండేళ్లకు, 1906లో వీరు పరమపదించారు.

గమక చిహ్నాలు:
సరిగమలను మాత్రమే వ్రాస్తే రాగం తెలియదన్నది ఈ గ్రంథ స్వరలిపికి మూలసూత్రం. అందుకే కంపితం, స్ఫురితం, నొక్కు, ఖండింపు, జారు వంటి గమకాలకు ప్రత్యేక చిహ్నాలు ఏర్పరచి, వాటిని స్వరాలపై గుర్తించారు. ఏ స్వరాన్ని ఊపాలి, దేనిని నొక్కి పలకాలి అన్న నిర్ణయం ప్రతి పంక్తిలోను ఉన్నది. ఇది కేవలం నకలు వ్రాయడం కాదు, రాగాన్ని విశ్లేషించడం.

రాగ నిర్ణయం:
ప్రతి రాగానికి ముందు లక్షణం చెప్పి, పిదప గీతం, తానం, కీర్తన, సంచారి మొదలైన లక్ష్యాలను చూపడం వీరి పద్ధతి. లక్షణానికి లక్ష్యమే సాక్ష్యంగా నిలుస్తుంది. మేళాల విషయంలో వీరు కనకాంగి మొదలైన సంపూర్ణమేళ పద్ధతిని కాక, కనకాంబరి మొదలైన అసంపూర్ణమేళ పద్ధతిని స్వీకరించారు. ఉదాహరణకు, 22వ మేళానికి ఇందులో శ్రీరాగమే అధిపతి, ఖరహరప్రియ కాదు. శ్రీరాగ ఆరోహణలో గాంధార ధైవతాలు లేవు. అయినా ఆరోహణావరోహణలు రెండింటిలో కలిపి సప్తస్వరాలు వస్తే చాలునన్నది ఈ పద్ధతి. స్వరక్రమం కంటె ప్రయోగంలో నిలిచిన రాగానికే ఇక్కడ ప్రాధాన్యం దక్కింది.

పరిమితి:
దీక్షితులు తమ రాగలక్షణాలను వేంకటమఖికి ఆరోపించారు. ‘చతుర్దండిప్రకాశిక’లో 72 మేళాల ప్రస్తారం ఉన్నప్పటికీ, వ్యవహారంలో ఉన్నవిగా వివరించినవి 19 మాత్రమే. కనకాంబరి మొదలైన నామావళి తరువాతి తరానికి చెందిన ముద్దు వేంకటమఖిదని పలువురు పరిశోధకుల అభిప్రాయం. మరొక అంశం కాలవ్యవధి. ముత్తుస్వామి దీక్షితులు 1835లోనే పరమపదించారు. సుబ్బరామ దీక్షితులు వారి గానాన్ని వినలేదు. నడుమ ఉన్నది బాలస్వామి దీక్షితుల పాఠం. కనుక 1904 నాటి స్వరలిపి ఆ కుటుంబ పాఠాంతరానికి ప్రత్యక్ష సాక్ష్యం. వాగ్గేయకారుని గానానికి పరోక్ష సాక్ష్యం మాత్రమే.

ముగింపు:
మద్రాసు సంగీత అకాడమీ 1961 నుండి ఈ గ్రంథాన్ని తమిళ లిపిలో ప్రకటించడంతో దీని ప్రామాణ్యం మరింత విస్తరించింది. అయితే ప్రమాణగ్రంథమని శిరసావహించడం వేరు, విమర్శగ్రంథమని పరీక్షించడం వేరు. లక్షణం పక్కనే లక్ష్యాన్ని ఉంచి, తన నిర్ణయాన్ని పరీక్షించుకొనే సాధనాన్ని పాఠకునికే అందించిన గ్రంథమిది. కృతుల పాఠనిర్ణయానికి పూనుకొనే పరిశోధకులు ఆ సాధనాన్ని ఈ గ్రంథంపైనే ప్రయోగించాలి. మూలం తెలుగులోనే ఉన్నందున ఆ బాధ్యత ముందుగా తెలుగు పరిశోధకులదే.