ఫార్మాట్ కొట్టే ముందు...

ఆదివారం సాయంత్రం. అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు సగం టైపు చేశాడు. ఉన్నట్టుండి తెర మొత్తం నీలమైపోయింది. ఏవో నాలుగు ఇంగ్లిషు ముక్కలు కనిపించాయి, చదివేలోపే మాయం. కంప్యూటర్ దానంతటదే మళ్లీ మొదలైంది. పది నిమిషాలకు మళ్లీ అదే తంతు! మెకానిక్‌కి ఫోన్ చేస్తే తడుముకోకుండా ఒకటే మాట... 'విండోస్ పోయినట్టుంది సార్, ఫార్మాట్ కొట్టేద్దాం.'

కొట్టించారు. వారం రోజులు బాగానే నడిచింది. ఎనిమిదో రోజు మళ్లీ నీలి తెర. ఈలోపు పాప అన్నప్రాశన ఫొటోలూ, అమ్మ రాసుకున్న డ్వాక్రా సంఘం లెక్కలూ గాల్లో కలిసిపోయాయి.

తప్పు విండోస్‌ది కానప్పుడు ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా లాభం లేదు. జ్వరమొచ్చిన వాడికి చొక్కా మార్చినట్టే! అందుకే కంప్యూటర్ పదేపదే ఆగిపోతోందంటే ముందు ఫొటోలూ, ఫైళ్లూ వేరే హార్డ్‌డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించేయండి. మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే. 'డిస్క్ బాగానే ఉందని సాఫ్ట్‌వేర్ చెప్పిందిగా' అన్న ధీమా వద్దు. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక నివేదిక ఇచ్చారు. పాడైపోయిన వాటిలో 36 శాతానికి పైగా డిస్కులు, తమ ఆరోగ్యం గురించి తాము రాసుకునే 'స్మార్ట్' చిట్టాలో ఒక్క లోపమూ నమోదు కాకుండానే పోయాయట. ఇక లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే ఆలోచించేదేముంది, కాపీ చేసుకోవడమే.

ఆ తర్వాత తేల్చుకోవాల్సింది, అసలు ఎప్పుడు ఆగుతోందని. ఒక కాగితం మీద తేదీ, టైము, అప్పుడేం చేస్తున్నారో రాసిపెట్టండి. తెర మీది మాటలు చదివేలోపే పోతున్నాయా? సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'ఆటోమేటిక్ రీస్టార్ట్' టిక్కు తీసేయండి. తెర అలాగే నిలబడుతుంది, సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. (విండోస్ 11లో 2025 నుంచి ఈ తెర నల్లగా మారింది. రంగు మారినంత మాత్రాన రోగం మారలేదు లెండి!)

అరగంట గేమ్ ఆడాకే ఆగిపోతోందంటే మొదట అనుమానించాల్సింది వేడిని. ప్రాసెసర్ మరీ కాగిపోతే తనను తాను కాపాడుకోవడానికి కరెంటు కట్ చేసుకుంటుంది. మన ఇళ్లలో క్యాబినెట్‌ని గోడకు ఆనించి పెడతాం. పైగా ముచ్చటపడి కుట్టించిన గుడ్డ కవరొకటి! మే నెల ఎండలో దానికి ఊపిరెలా ఆడుతుంది? ప్లగ్ పీకేసి, మూత తీసి చూడండి. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దూదిపింజల్లా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపండి.

వేళాపాళా లేకుండా ఆగుతూ, ప్రతిసారీ వేరే మెసేజ్ చూపిస్తోందా? అయితే ర్యామ్ మీద కన్నేయాలి. విండోస్‌లోనే 'మెమరీ డయాగ్నస్టిక్' ఉంది. మెమ్‌టెస్ట్86ని రాత్రంతా నడిపితే ఇంకా నమ్మకం. ర్యామ్ ముక్కలు రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే దొంగ దొరుకుతుంది. ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుమును ఓసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. ఒక్కోసారి ర్యామ్‌లో అసలు లోపమే ఉండదు. తీసి, పెన్సిల్ రబ్బరుతో దాని అంచులు మృదువుగా రుద్ది, గట్టిగా నొక్కి పెడితే చాలు!

ఫ్రిజ్ ఆన్ అయినప్పుడో, ఓల్టేజీ పడిపోయినప్పుడో ఆగుతుంటే ఎస్‌ఎంపీఎస్ బలహీనపడిందేమో చూపించండి. దాన్ని మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా అందులో షాక్ కొట్టేంత కరెంటు నిల్వ ఉండొచ్చు. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తల ఉబ్బిందేమో కూడా గమనించండి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతా కంప్యూటర్లను పాడుచేశాయి. అలాంటి మదర్‌బోర్డుల బాధతోనే 2005లో డెల్ కంపెనీ 30 కోట్ల డాలర్ల ఖర్చు రాసుకుంది.

ఇన్ని చూసినా తేలకపోతే మరో ఉపాయం. ఉబుంటు లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా దాన్నుంచే కంప్యూటర్‌ని గంటల తరబడి నడపండి. అక్కడా ఆగిపోతే విండోస్ నిర్దోషి. ఆగకపోతే మిగిలినవి విండోస్, దాని డ్రైవర్లు, హార్డ్‌డిస్క్... ఎందుకంటే ఈ పరీక్షలో డిస్క్‌తో పని పడదు కదా. అప్పుడు కావాలంటే ఫార్మాట్ కొట్టించండి.

షాపుకి తీసుకెళ్లేటప్పుడు మీరు రాసుకున్న కాగితం, తెర ఫొటోలు చూపించండి. కొత్త ర్యామ్ కొనేముందు పాతదాని బిల్లు ఓసారి వెతకండి. చాలా ర్యామ్‌లకు ఏళ్ల తరబడి వారంటీ ఉంటుంది.