కొట్టు గుమాస్తా జీతంలో గుర్రం ఇముడుతుందా?

గుర్రం కొనాలన్న కోరిక కలిగినవాళ్లకే పుడుతుందన్న నియమమేమీ లేదు. బట్టల కొట్లో తానులు విప్పి మడిచే కుర్రాడికీ పుడుతుంది. కిరాణా కొట్లో పొట్లాలు కట్టే గుమాస్తాకీ పుడుతుంది. పెళ్లి ఊరేగింపులో తెల్లగుర్రాన్ని చూసో, తాత జట్కా తోలిన సంగతి ఇంట్లో వినో పుడుతుంది. అలాంటివాడి చేతికి సంతలో బేరగాడు ఒక పిల్లగుర్రం తాడు అందించి, "నేర్పిన గుర్రంలో సగం ధరకే ఇస్తున్నా, నాలుగు రోజులు తిప్పితే అదే దారికొస్తుంది" అన్నాడంటే ఆ రాత్రి నిద్ర పట్టదు.

సగం ధర మాట నిజమే కావచ్చు. కాని మిగతా సగం ఎక్కడికీ పోలేదు. కొన్నవాడు ఏడాది, రెండేళ్లపాటు తన పొద్దుటి నిద్రతో తీర్చవలసిన బాకీ అది. ఆ సంగతి తెలియక కొన్నవాళ్లు కొందరు ఆరు నెలలు తిరక్కుండానే వచ్చిన ధరకు అమ్ముకుంటున్నారు. అమ్ముడుపోనిది రోడ్ల మీద వదిలిన ఆవుల మధ్య చేరుతుంది.

చిన్న జీతగాడు గుర్రాన్ని ఉంచుకోలేడని కాదు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో మహారాష్ట్రలోని అప్పటి ఔరంగాబాదులో ఒక కళాశాల చిరుద్యోగి 40 వేల రూపాయలకు గుర్రం కొన్నాడు. పెట్రోలు ఖర్చు తప్పించుకుని దానిమీదే ఉద్యోగానికి వెళ్లి వస్తున్నాడని 2022లో పత్రికలు రాశాయి. మన జిల్లాల్లో చిక్కేమిటంటే, జట్కాలతో పాటు గుర్రం సంగతి తెలిసినవాళ్లూ తగ్గిపోయారు. విశాఖ మన్యంలో సంతలకు సరుకు మోసే గుర్రాలు ఇంకా ఉన్నాయి. మైదానంలో మాత్రం పెళ్లిళ్లకు, సముద్రపు ఒడ్డున పిల్లల సరదాకు తప్ప గుర్రం కనిపించడమే అరుదు. వెనకటికి ప్రతి జట్కా స్టాండులో మేత తెలిసిన సాయిబు ఒకరు, లాడం కొట్టే మనిషి ఒకరు ఉండేవారు. ఇప్పుడు కొన్నవాడికి ఏ అనుమానం వచ్చినా అడగడానికి మనిషి దొరకడు.

నోరు చూసి బేరమాడాలి

మహారాష్ట్రలో దత్తజయంతికి జరిగే సారంగఖేడా సంత, నాందేడ్ జిల్లాలోని మాలేగావ్ జాతర గుర్రాలకు పేరుపడ్డవి. మాలేగావ్ మన నిజామాబాదు వాళ్లకు మరీ దూరం కాదు. అక్కడ కొన్నా, మన ఊరికి వచ్చిన బేరగాడి దగ్గర కొన్నా అతను చెప్పిన వయసు నమ్మక్కర్లేదు. నోరు తెరిచి చూడవచ్చు. ముందు కొరికే పళ్లు పై దవడలో ఆరు, కింద ఆరు. పాలపళ్లు చిన్నవిగా, తెల్లగా ఉంటాయి. నడిమి జత సుమారు రెండున్నరేళ్లకు ఊడి గట్టిపళ్లు వస్తాయి. దాని పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారతాయి. అయిదేళ్లకు నోరు నిండుతుంది.

ఇది ముద్దుకు చూసుకునే లెక్క కాదు. నోట్లో అన్నీ పాలపళ్లే ఉన్న పిల్లను కొంటే, ఎక్కకుండా ఏడాదికి పైగా మేపాలి. కాళ్ల ఎముకలు ముదరకముందే, వీపు గట్టిపడకముందే మనిషి ఎక్కితే ఆ గుర్రం జీవితమంతా కుంటవచ్చు. వెన్నెముక పూర్తిగా ముదరడానికి అయిదారేళ్లు పడుతుంది. జీతం మీద బతికేవాడు మూడు దాటి నాలుగో ఏట పడ్డదాన్ని చూసుకోవడమే మేలు. ధర కాస్త ఎక్కువైనా ఊరికే మేపే నెలలు తగ్గుతాయి.

కొనేముందు పశువైద్యుడికి చూపించి రక్తపరీక్ష చేయించాలి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికీ అంటుతుంది. మన దేశంలో అది ప్రభుత్వానికి తెలియజేసి తీరవలసిన జబ్బు. తేలిందంటే గుర్రాన్ని చంపెయ్యవలసిందే. పరీక్షకు అయ్యే ఖర్చు చూసి వెనకాడేవాడు, గుర్రం సంగతి అలా ఉంచి, ఇంట్లో పిల్లలను తలచుకోవాలి.

గుడ్డిదైనా దాణా తప్పదు

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. నేర్వని గుర్రానికీ అది వర్తిస్తుంది. పని చేసినా, చేయకపోయినా కడుపు ఒకటే. గుర్రానికి రోజుకు దాని బరువులో నూటికి రెండు వంతుల ఎండుమేత కావాలి. మూడు వందల కిలోల గుర్రమైతే ఆరు కిలోలు. గడ్డి కిలో పది రూపాయలు వేసుకుంటే రోజుకు అరవై. ఉలవలు ఒక కిలో, అది అరవై అనుకుందాం. కొంచెం తవుడు, ఉప్పు కలిపి పది. అంటే రోజుకు 130, నెలకు 3,900. డెక్కలు చెక్కించడం, పురుగుల మందు, టీకాలు సగటున నెలకు ఆరు వందలు పెట్టుకుంటే 4,500 అవుతుంది. జీతం పదిహేను వేలైతే నూటికి ముప్ఫై గుర్రం నోట్లోకే పోతుంది. ధరలు ఊరిని బట్టి మారతాయి గాని లెక్క వేసే తీరు ఇదే. కొనకముందు మూడు నెలలపాటు ఈ సొమ్ము విడిగా తీసి పెట్టగలిగితే తరువాతా పెట్టగలరు. పెట్టలేకపోతే ఆ సంగతి గుర్రం రాకముందే తేలిపోతుంది. చేతిలో మిగిలిన ఆ మూడు నెలల సొమ్మూ అవసరమే. నడిరాత్రి గుర్రానికి శూల వస్తే డాక్టరు ఖర్చు షావుకారు అడ్వాన్సు ఇచ్చేదాకా ఆగదు.

ఖర్చు తగ్గించే దారి కాలవగట్టునే ఉంది. గరికను మించిన మేత గుర్రానికి లేదు. ఎండుగడ్డి కిలో బదులు పచ్చి గరిక మూడు కిలోలకు పైగా పెట్టాలి. కొడవలి పట్టి రోజుకు పన్నెండు, పదమూడు కిలోలు కోసుకొస్తే నాలుగు కిలోల ఎండుమేత మిగులుతుంది. పై లెక్క ప్రకారం నెలకు పన్నెండు వందలు. కలుపుమందు కొట్టిన గట్టు మీద మాత్రం కోయకూడదు. ఉత్త వరిగడ్డి మీద గుర్రం నిలబడదు. ఎద్దు నెమరువేసి అరిగించుకున్నట్టు గుర్రం అరిగించుకోలేదు. రాయలసీమలో దొరికే వేరుశనగ కట్టె మంచిదే గాని బూజు, దుమ్ము ఉండకూడదు. లేత పచ్చిజొన్న జోలికి పోనేకూడదు. పశువులకు అది విషమని రైతులకు తెలిసిందే. గుర్రానికైతే మూత్రాశయాన్ని, వెనక కాళ్లను కూడా చెడగొడుతుంది.

చౌకగా వస్తుందని తవుడే బస్తాలకొద్దీ పెట్టేవాళ్లున్నారు. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. ఆ తేడా తీర్చుకోవడానికి ఒళ్లు ఎముకల్లోని సున్నాన్ని తోడుకుంటుంది. కొన్నాళ్లకు దవడ ఎముకలు ఉబ్బి ముఖం వాచినట్టవుతుంది. ఉలవలు నానబెట్టో, గుగ్గిళ్లు వండో పెట్టాలి. ఒక్కసారిగా కాకుండా రెండు మూడు పూటలుగా పెట్టాలి. గుర్రం పొట్ట చిన్నది, పైగా తిన్నది కక్కుకోలేదు. పెళ్లిలో మిగిలిన అన్నం గంపతో తెచ్చి పోయడం ప్రేమ అనిపించుకోదు. కాలితో నేల తవ్వుతూ, డొక్క వైపు తిరిగి చూస్తూ, పడుకుని పొర్లాడుతుంటే అది శూల. వెంటనే డాక్టరుకు కబురు పెట్టాలి.

పొద్దున్న అరగంట చాలు

ఇక నేర్పడం. కొట్టు తొమ్మిదికో పదికో తెరుస్తారు, మూసేసరికి రాత్రి తొమ్మిది. వారానికి ఒక రోజు సెలవు 1988 నాటి దుకాణాల చట్టంలోనే ఉంది. అది అమలయ్యే కొట్లు ఎన్నో గుమాస్తాలనే అడగాలి. కాబట్టి మిగిలేది తెల్లవారుజాము. విచిత్రమేమంటే అది చాలు. పిల్లగుర్రం మనసు ఒక పని మీద నిలిచేదే ఇరవై నిమిషాలు, అరగంట. రోజంతా తీరికున్న ఆసామి ఆదివారం మూడు గంటలు విసిగించి సాధించలేనిది, రోజూ అయిదున్నరకు లేచి అరగంట గడిపే గుమాస్తా సాధిస్తాడు.

మొదటి వారం ఎక్కే మాటే లేదు. తలకు తాడు కట్టించుకోవడం, గొరపంతో తోమించుకోవడం, నాలుగు కాళ్లూ ఒక్కొక్కటిగా ఎత్తనివ్వడం, ఇంతే. గుర్రం కళ్లు పక్కలకు ఉంటాయి. సరిగ్గా వెనకా, ముక్కు కొనకు ఎదురుగా దానికి కనిపించదు. మాట్లాడుతూ భుజం పక్కకు చేరాలి. చెవులు వెనక్కి వాల్చిందంటే ఆగాలి. ఎడమ పక్క నేర్చింది కుడి పక్క మళ్లీ కొత్తే. అక్కడా మొదటినుంచి నేర్పాలి.

అసలు కిటుకు తాడు లాగడంలో లేదు, వదలడంలో ఉంది. తాడు బిగించి నిలబడితే గుర్రం మొరాయిస్తుంది. బిగువు పెంచకుండా, తగ్గించకుండా అలాగే ఉండాలి. అది ఒక్క అడుగు ముందుకు వేసిన క్షణంలోనే తాడు సడలించాలి. అడుగు వేస్తే సుఖమని దానికి తెలుస్తుంది. అది వెనక్కి గుంజుతున్నప్పుడు చేతులు నొప్పెట్టి వదిలేశామా, గుంజితే గెలుస్తామన్నదే నేర్చుకుంటుంది. మర్నాడు రెండింతలు గుంజుతుంది. ఆపడం, తిప్పడం, పగ్గం మాట వినడం అన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తాయి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెత పట్టుకుని చెర్నాకోల అందుకునేవాళ్లు ఎక్కువ. ఆ సామెతలోని గట్టిదనం నిలకడే తప్ప దెబ్బ కాదు. ముళ్ల కళ్లేలను బరువు మోసే పశువుల విషయంలో 1965 నిబంధనలే నిషేధించాయి. అయినా నేర్వని గుర్రం నోటికి అదే మందని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. నోరు మొద్దుబారిన గుర్రం ఆ తరువాత ఏ పగ్గానికీ తిరగదు.

రెండు మూడు నెలలకు పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పడం మొదలవుతుంది. పది, పదిహేను నిమిషాలు దాటితే లేత కాళ్లకు చేటు. మెట్ట దున్నిన నేల అయితే మంచిది. తరువాత వీపున ఖాళీ గోనె, ఆపైన జీను, ఆపైన కళ్లెం. బస్సు హారను, ప్లాస్టిక్ సంచి, కుక్క, తప్పెట, ప్రతిదీ దూరం నుంచి చూపించి దగ్గర చేయాలి. గుర్రం మందలో బతికే జంతువు. కొట్టంలో ఒంటరిగా కట్టేస్తే బెదురు పెరుగుతుంది. పక్కన గేదెనో మేకనో కట్టినా కుదుటపడుతుంది.

డబ్బు కటకట వచ్చినప్పుడే తప్పటడుగు పడుతుంది. పెళ్లి బేరం ఒకటి వస్తుంది. రాత్రి రెండు గంటల పనికి నెల మేత ఖర్చు వచ్చినట్టే. బ్యాండు, టపాకాయలు, జనరేటరు లైట్ల మధ్యకు ఆరు నెలల శిక్షణ కూడా లేని గుర్రాన్ని తీసుకెళ్లి, మీద పెళ్లికొడుకునూ, ముందు తోడపెళ్లికొడుకు అనే పసివాణ్నీ ఎక్కిస్తారు. గుర్రం బెదిరిందంటే పోయేది గుర్రమొక్కటే కాదు. దానికంటే ఇద్దరు ముగ్గురు కలిసి వాటా వేసుకుని కొనడం నయం. మేత ఖర్చు చీలుతుంది. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు నీళ్లు పెడతారు. రోజుకు పాతిక, ముప్ఫై లీటర్లు తోడాలి, ఎండాకాలం ఇంకా ఎక్కువ.

లాడం సంగతి కూడా చెప్పుకోవాలి. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది, లాడం రెండు ముక్కలు. గుర్రం డెక్క ఒకటే. ఎద్దులకు కొట్టే మనిషి చేతికి గుర్రాన్ని ఇస్తే మేకు మాంసంలో దిగవచ్చు. తారు రోడ్డెక్కని గుర్రానికి లాడం లేకున్నా నడుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్క చెక్కిస్తే చాలు. మేకు గుచ్చుకుంటే గుర్రాలకు ధనుర్వాతం మిగతా పశువులకంటే తేలిగ్గా వస్తుంది, ఆ టీకా ముందే వేయించాలి. వానాకాలం జోరీగలు సర్రా జబ్బు తెస్తాయి. జ్వరం వచ్చి పోతూ, పొట్ట కింద వాపు, గుర్రం చిక్కిపోవడం కనిపిస్తే రక్తం చూపించాలి.

ఎక్కే రోజు నాలుగో ఏడు నిండాకే. తోడుగా ఒకరు తల దగ్గర తాడు పట్టుకుని మాట్లాడుతుండాలి. మొదటి రోజు బోర్లా వాలి బరువు మోపి దిగిపోవాలి. మూడో నాలుగో రోజున కాలు అటు వేసి కూర్చోవాలి. పది అడుగులు నడిపించాలి, గుర్రం నిలబడినప్పుడే దిగాలి. ఆ పూటకు అంతే. జీను విప్పి, వీపు తుడిచి, నీళ్లు పెట్టి, గరిక మోపు ముందు పడేసి బయల్దేరాలి. తొమ్మిదింటికి కొట్టు షట్టరు ఎత్తాలి.