ఉంచుట వేఱు, కాపాడుట వేఱు
గదికొక దినము చొప్పున రైతు తన ఇల్లు చక్కదిద్దుకొను విధము

కోతలు సమీపించినపుడు ప్రతి రైతును కళ్ళము చెక్కి, అలికి, శుభ్రము చేయును. కళ్ళమునకు జరుగు ఈ ఉపచారము ఇంటికి జరుగుట అరుదు. ధాన్యము కళ్ళములో నుండునది కొద్ది దినములు, ఇంటిలో నుండునది సంవత్సరమంతయు. కావున క్రొత్త పంట గడప దాటకముందే ఇల్లు సర్దుకొనుట సేద్యములో నొక భాగమని యెంచవలయును.

గ్రామములు తిరుగు వ్యవసాయోద్యోగులకు ఒక విషయము తఱచుగా కనబడుచుండును. పొలమున వరుసలు తీర్చి నాటించిన రైతు కూడ, తన ఇంటిలో విత్తనపు సంచి యేదో తిండిగింజల సంచి యేదో అడిగిన వెంటనే చెప్పజాలడు. పోయిన సంవత్సరము మిగిలిన పురుగుమందు ఏ మూలనున్నదో, పాసుపుస్తకము ఏ పెట్టెలో నున్నదో వెదకవలసి యుండును. అన్నియు ఇంటిలోనే యున్నవి గాని వాని జాడ తెలియదు. జాడ తెలియని వస్తువు అక్కఱకు రాదు. ఒక్కొక్కపుడు ప్రాణము మీదికి తెచ్చును.

ఫిలింనగరు నేర్పు పాఠము

ఈ విషయమున రైతులకు పనికివచ్చు దృష్టాంతము, వింతగా తోచినను, సినిమావారి నుండి లభించుచున్నది. హైదరాబాదులోని జూబిలీహిల్సు, ఫిలింనగరు అను పేటల పేరు విననివారు తెలుగునాట అరుదు. ఆ రెండును సహకార గృహనిర్మాణ సంఘముల మూలముననే యేర్పడినవని మన సభ్యులు సంతోషముతో గ్రహింపవచ్చును. రాతిగుట్టలపై సంఘములవారు స్థలములు పంచుకొని ఇండ్లు కట్టుకొనిరి. మద్రాసు నుండి తరలివచ్చిన తెలుగు చిత్ర పరిశ్రమ క్రమముగా ఆ ప్రాంతమున స్థిరపడినది.

ఆ పరిశ్రమకు గాదెలోని విత్తనము వంటివి ఫిలిము చుట్టలు. 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తెలుగువారి తొలి మూగచిత్రముగా చెప్పబడుచున్నది. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ తొలి తెలుగు మాటల చిత్రము. ఈ రెండింటి ప్రతులును నేడు లభ్యములు కావు. పాత ఫిలిములో వెండి యుండెడిది గనుక, ఆట ముగిసిన ప్రతులను కరగించి వెండి తీసికొను వాడుక మన దేశమున నుండెను. విలువ తెలియక పాఱవేయుట వలన వచ్చు నష్టమునకు ఇది నిదర్శనము.

పాఱవేయక దాచిన చుట్టలన్నియు దక్కినవా? అదియును లేదు. 1950 ప్రాంతము వఱకు వాడిన నైట్రేటు ఫిలిము నిప్పంటుకొన్నచో ఆర్పుట మిక్కిలి కష్టము. 2003 జనవరిలో పూణెలోని జాతీయ ఫిలిం భాండాగారమునకు చెందిన అట్టి చుట్టలనేకములు మంటలలో నాశనమయ్యెను. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిలిము అట్లు మండదు గాని, వేడిమియు చెమ్మయు గల గదిలో ఏండ్ల తరబడి మూసిపెట్టినచో పులిసి, సిర్కా వాసన కొట్టి, ముడుచుకొని పోవును. ఆ ఆవిరి ప్రక్కనున్న చుట్టలను కూడ చెఱచును. డబ్బా మూత తీసి చూడనంతవఱకు యజమాని తన సొత్తు భద్రముగా నున్నదనియే తలచుచుండును.

2019 డిసెంబరులో హైదరాబాదు అన్నపూర్ణా స్టూడియోలో ఫిలిం హెరిటేజ్ ఫౌండేషను వారు పాత చిత్రములను కాపాడు విధమును గూర్చి వారము దినముల శిక్షణ జరిపిరి. అచ్చట నేర్పు విద్య యొక సామాన్య గృహస్థునకును అర్థమగునట్టిదే. ప్రతి డబ్బాను తెఱచి చూడవలెను. చెడినదానిని మంచివాని నుండి వేఱు చేయవలెను. శుభ్రపఱచి, చిరిగినచోట అతికి, పేరు వ్రాసి, జాబితాలో నెక్కించి, చల్లని పొడి స్థలమున నుంచవలెను. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగులద్దుకొని మరల ప్రదర్శింపబడినది. మూలము నిలిచియుండుట చేతనే యది సాధ్యమయ్యెను.

ఉంచుట వేఱు, కాపాడుట వేఱు అను ఈ భేదమే రైతు తన ఇంటికి అన్వయించుకొనవలసినది.

పని చేయు పద్ధతి

ఒక దినమున ఒక గదినే పట్టవలెను. ఇల్లంతయు ఒక్కసారి పెకలించినచో, పాలు పితుకు వేళకు సామాను వాకిట నుండును. పొద్దుగూకిన పిమ్మట దొరికినది దొరికినచోట కుక్కవలసివచ్చును. ఆ గదిలోని వస్తువులన్నియు బయట పెట్టి మూడు కుప్పలు చేయవలెను. ఈ సంవత్సరము వాడునవి మొదటి కుప్ప. వాడుక లేకున్నను కాపాడవలసినవి రెండవది. ఇంటి నుండి పంపివేయవలసినవి మూడవది. మూడవ కుప్ప ఆ సాయంకాలమే గడప దాటవలెను. ‘రేపు చూతము’ అని మూలనుంచినది మరుసటి యేటికిని అచ్చటనే యుండును.

ఇంటి ఇల్లాలిని సంప్రదింపక ఈ పని మొదలిడరాదు. ఏ వస్తువు దినమునకెన్నిసార్లు చేతికి రావలెనో ఆమెకు తెలిసినంత మగవారికి తెలియదు.

మొదటి దినము: మందుల మూల

ప్రమాదమున్న చోటనే ముందు చేయి పెట్టవలెను. వసారాలోనో, మంచము క్రిందనో, గాదె ప్రక్కనో మిగులు పురుగుమందులుండుట పెక్కు ఇండ్లలో కలదు. 2013 జులై 16వ తేదీన బీహారు రాష్ట్రమునందు సారణ్ జిల్లాలోని ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలినది. మందు డబ్బాలో నూనె పోసియుందురని విచారణాధికారులు తలచిరి. కడిగిన డబ్బా యనియు, గట్టి డబ్బా యనియు మనము వంటింటికి తెచ్చుకొను పాత్ర ఎట్టిదో ఈ యొక్క సంగతి చాటుచున్నది.

మందు సీసాపై వజ్రాకారపు గుర్తొకటి యుండును. దాని క్రింది సగము ఎఱుపైనచో అత్యంత విషము. పసుపైనచో తీవ్ర విషము. నీలము, ఆకుపచ్చ వరుసగా అంతకు తక్కువవి. ఆకుపచ్చ గుర్తున్నదియు విషమే గాని పానీయము కాదని మఱువరాదు. గడువు దాటినవానిని, చీటీ ఊడినవానిని వేఱు చేసి, ఏమి చేయవలెనో వ్యవసాయాధికారి నడుగవలెను. కాలువలో గాని చెఱువులో గాని పోయరాదు. వాడదగిన మందులను వాని సీసాలలోనే యుంచి, పిల్లల చేతికందని యెత్తున, తాళముగల పెట్టెలో, తిండి వస్తువులకును దాణాకును దూరముగా పెట్టవలెను. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారి యంత్రములోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి, ఇండ్లకును నీటికిని దూరముగా పాతిపెట్టవలెను.

ధాన్యమునకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. వాని నుండి వెలువడు వాయువు నిద్రించు మనుష్యులను చంపును. ప్రభుత్వ సంస్థలకును అనుమతిగల నిపుణులకును తప్ప ఇతరులకు వానిని అమ్మరాదను నిబంధన అందుకొఱకే కలదు. మనుష్యులు పండుకొను ఇంటిలో అవి యుండనే కూడదు. పొరపాటున ఎవరైనను ఏ మందునైనను మ్రింగినచో 108కి కబురుచేసి, సీసాను గూడ వైద్యుని వద్దకు తీసికొని పోవలెను.

రెండవ దినము: గాదె గది

పాత గింజ ఒక్క పిడికెడు మిగిలినను అందలి ముక్కుపురుగు క్రొత్త ధాన్యము నంతటిని పట్టును. కావున గాదెను పూర్తిగా ఖాళీ చేసి ఊడ్చి, గోడ నెఱ్ఱెలను ఎలుక కన్నములను పూడ్చవలెను. గోనెసంచులను తిరగవేసి, దులిపి, తీవ్రమైన యెండలో నుంచవలెను. చిరిగినవి మూడవ కుప్పకు చెందును. బస్తాలను నేలపై గాక కఱ్ఱలపై పేర్చి, గోడకు మూరెడు దూరము విడువవలెను. ఆ సందులో మనిషి చేయి దూరినచో ఎలుక జాడ తెలియును.

విత్తనపు బస్తాలకు ఈ గదిలోనే ప్రత్యేక స్థానము కల్పించి, రకము పేరును, పండిన సంవత్సరమును చీటీ వ్రాసి కట్టవలెను. తేమ వరి విత్తనమునందు నూటికి 13, వేరుసెనగ కాయలయందును కంది, పెసర, మినుములయందును నూటికి 9 మించరాదు. పాత విత్తనము మొలచునో లేదో యను సందేహమున్నచో 100 గింజలను తడిగుడ్డలో చుట్టి చూడవలెను. వరి 80, అపరాలు 75, వేరుసెనగ 70 మొలకలైనను రానిచో అది విత్తనము క్రింద లెక్కకు రాదు. మందు పట్టించిన విత్తనమును మాత్రము తిండికి గాని దాణాకు గాని వాడరాదు.

మూడవ దినము: వంటయిల్లు

ఇచ్చట పని తక్కువ, ఫలము ఎక్కువ. ముందు వచ్చిన పప్పు ముందు, వెనుక వచ్చినది వెనుక ఉండునట్లు డబ్బాలు పేర్చవలెను. పుచ్చినది ఎండబోసి చెఱిగినచో కోళ్ళకైనను ఉపయోగపడును. దినమును వాడు పాత్రలు నడుము ఎత్తున నుండవలెను; పెండ్లికి మాత్రమే దింపు గుండిగలు పైకి పోవలెను. ఎరువు, మందు, సున్నము వచ్చిన డబ్బా యొక్కటియు ఈ గదిలో మిగులరాదు.

నాలుగవ దినము: కాగితముల పెట్టె

చెదలు తినుటకు ముందే కాగితములను మనము చూచుకొనవలెను. పట్టాదారు పాసుపుస్తకము, దస్తావేజులు, శిస్తు రసీదులు ఒక సంచి; సంఘపు వాటా పత్రము, అప్పు, చెల్లింపు రసీదులు ఒక సంచి; విత్తనము, ఎరువు, మందు కొన్న బిల్లులు పంటకొక సంచి; ఇంటివారి గుర్తింపు పత్రములు, పిల్లల చదువు పత్రములు ఒక సంచి. ఇవియన్నియు ఒక్క రేకు పెట్టెలో, నేలకు ఎత్తుగా నుండవలెను. అది యెచ్చటనున్నదో ఇంటిలో ఇద్దఱికైనను తెలిసియుండవలెను.

విత్తనపు బిల్లును చిన్నచూపు చూడరాదు. చెడు విత్తనము వలన నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థపై తెచ్చిన వ్యాజ్యములలో, రైతు వినియోగదారుల న్యాయస్థానము నాశ్రయింపవచ్చునని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కొన్న విత్తనమంతయు చల్లివేయు రైతును, పరీక్షకు నమూనా దాచలేదని తప్పుపట్టరాదనియు ఆ తీర్పులో కలదు. కాని కొన్నట్లు చూపుటకు బిల్లు కావలెను గదా! బిల్లుతోపాటు సంచికి కుట్టిన చీటీని, ఖాళీ సంచిని పంట చేతికి వచ్చువఱకు దాచవలెను. ధ్రువీకరించిన విత్తనమునకు నీలపు చీటీ యుండును. పాసుపుస్తకము లేని కౌలు రైతునకు తాను సేద్యము చేసినట్లు తెలుపుటకు ఈ కాగితములు మఱింత యవసరము.

ఐదవ దినము: అటక

అటకను కడపటి దినమునకు విడుచుటకు కారణము కలదు. అచ్చట నున్నవి వస్తువులు మాత్రమే కావు, తాతతండ్రుల చేతి గుర్తులు. విఱిగిన గొఱ్ఱు, గుంటక, దంతె, ఏతపు బాన, పాత పటములు, పెండ్లినాటి పెట్టె మొదలగునవి దింపునపుడు పెద్దవారి మనస్సు నొచ్చుట సహజము. పడుచువారు వానిని చెత్త యనుటయు, పెద్దవారు ఒక్కటియు కదల్పవలదనుటయు వాడుక. ఫిలిము చుట్టల సంగతి ఇరువురకును జ్ఞప్తియందుండవలెను. కరగించినవారును పోగొట్టుకొనిరి, మూత తీయక దాచినవారును పోగొట్టుకొనిరి.

పెద్దవారిని పీటపై కూర్చుండబెట్టి, ఒక్కొక్క పనిముట్టు పేరును, అది యే పనికి వచ్చెడిదో, ఎవరు చేయించిరో అడిగి చీటీ వ్రాసి కట్టవలెను. ఒకే జాతి వస్తువులు నాలుగున్నచో గట్టిదొకటి నిలుపవలెను. చెదపట్టినది ప్రక్కదానిని చెఱచును గనుక మంచివానితో కలిపి యుంచరాదు. పటములను చేతి ఫోనుతో ప్రతి తీసి, వెనుక పేర్లు వ్రాయవలెను. పేరు తెలిసిన ముసలివారు జీవించియుండగనే యిది జరుగవలెను. ఆ పిమ్మట ఆ పటములు ఎవరివో చెప్పువారుండరు.

మిగిలిన పుల్ల, విఱిగిన కఱ్ఱ భోగిమంటకు పనికివచ్చును. ప్లాస్టిక్కును, రబ్బరు చక్రములను, మందు డబ్బాలను మాత్రము ఆ మంటలో వేయరాదు. ఆ పొగ చుట్టును చేరిన పిల్లలే పీల్తురు.

సంఘములు చేయదగినది

తేమ కొలుచు యంత్రమును ప్రతి రైతును కొనజాలడు; సంఘమొకటి కొన్నచో ఊరంతటికిని చాలును. గడువు దాటిన మందులను గూర్చి అడుగుటకు వ్యవసాయాధికారిని ఒక దినము సంఘ కార్యాలయమునకు పిలిపింపవచ్చును. పాత ఇనుము, గోనెలు ఒక్కచోట చేర్చి అమ్మినచో విడివిడిగా అమ్మిన దానికంటె మంచి ధర వచ్చును.

సంక్రాంతికి ఇంటికి సున్నము వేయుట మన ఆచారము. ఈ యేడు సున్నపు కుంచె పట్టుటకు ముందు ఐదు దినములు ఈ పనికి కేటాయింపుడని రైతు సోదరులను, సోదరీమణులను కోరుచున్నాము. అన్ని దినములకు తీరిక చిక్కనివారు మొదటి దినపు పనినైనను విడువరాదు. ఇంటిలో పసిపిల్లలున్నవారు దానిని సంక్రాంతి దాక ఆపక, నేడే చేయుదురు గాక.