షుగరు ఉన్నవారు చిగుళ్ళను మరువవద్దు



షుగరు పరీక్షకు వచ్చేవారి పాదాలు చూస్తాము, కళ్ళ పరీక్షకు పంపుతాము, మూత్రం పరీక్ష చేయిస్తాము, బరువు తూస్తాము. నోరు తెరవమని అడగడం మాత్రం చాలాకాలం మరచిపోయాము. ఆ పొరపాటు మాకు తెలిసివచ్చింది ఒక సహోదరి వల్ల.

ఆమె వయస్సు 52 సంవత్సరాలు, బరువు 78 కిలోలు. మందులు తప్పకుండా వాడుతున్నా మూడు నెలల షుగరు (హెచ్‌బిఏ1సి) 9.4 దగ్గరే ఉండిపోయింది. "అన్నం తగ్గించమ్మా, నడవమ్మా" అని మేము చెప్పడం, ఆమె తల ఊపడం మామూలైపోయింది. ఒకరోజు బి.పి. చూస్తున్న మా సిస్టరు, ఆమె మాట్లాడినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం గమనించి మెల్లగా అడిగింది. పళ్ళు తోముకుంటుంటే రెండేళ్ళుగా నెత్తురు వస్తోందట. నోరు వాసన వస్తుందని పాటల బృందం మానేసి, మందిరంలో వెనుక వరుసకు చేరిందట. నాలుగు పళ్ళు కదులుతున్నాయి. కూరగాయలు, జామకాయలు నమలలేక మెత్తటి అన్నం, టీలో ముంచిన బిస్కట్లతో సరిపెట్టుకుంటోంది. ఇక బరువు, షుగరు ఎలా తగ్గుతాయి?

ఒకదానితో ఒకటి ముడి

పళ్ళ మొదట్లో చేరిన పాచి గట్టిపడితే గార అవుతుంది. అక్కడ చేరిన సూక్ష్మక్రిముల వల్ల చిగుళ్ళు వాచి, క్రమంగా పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. షుగరు అదుపులో లేనివారిలో క్రిములను ఎదుర్కొనే శక్తి తగ్గి, ఈ జబ్బు త్వరగా ముదురుతుంది. 1993లో హెరాల్డ్ లో అనే దంతవైద్య శాస్త్రజ్ఞుడు దీనిని షుగరు వ్యాధి తెచ్చే ఆరవ ఉపద్రవంగా పేర్కొన్నారు.

చిగుళ్ళ వాపు కూడా తిరిగి షుగరును పెంచుతుంది. వాపు నుండి రక్తంలో కలిసే పదార్థాలు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా ఇలాంటి పదార్థాలనే విడుదల చేస్తుంది. అందుకే అధిక బరువు, షుగరు, చిగుళ్ళ జబ్బు తరచు ఒకే మనిషిలో కనబడతాయి. మనవారిలో నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

2022లో కాక్రేన్ సంస్థ 35 పరిశోధనలను కలిపి చూసింది. చిగుళ్ళకు చికిత్స చేయించుకున్నవారిలో మూడు, నాలుగు నెలలకు హెచ్‌బిఏ1సి సగటున 0.43 తగ్గింది. ఇది మందులకు బదులు కాదు, మందులకు తోడు.

మీరు చేయవలసినవి

1. మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోండి. రాత్రి తోమడం మానవద్దు. బొగ్గు, ఇటుక పొడి, పిన్నీసులు వద్దు.

2. పొగాకు మానండి. చుట్ట, బీడీ తాగేవారికి చిగుళ్ళ నుండి నెత్తురు తక్కువగా కనబడుతుంది. జబ్బు మాత్రం లోలోపల ముదురుతుంది.

3. సంవత్సరానికి ఒకసారైనా పళ్ళ డాక్టరుకు చూపించండి. వెళ్ళేముందు టిఫిను తిని, మందు వేసుకోండి. షుగరు ఉన్నదని, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు.

4. కంచంలో సగం కూరలు ఉండాలి. నమలలేకపోతే మెత్తగా ఉడికించుకోండి. బరువులో నూటికి 5 వంతులు తగ్గినా మేలే. 80 కిలోలవారికి అది 4 కిలోలు.

5. ఉపవాస ప్రార్థనకు ముందు మందుల విషయం డాక్టరును అడగండి.

క్లీనింగు చేయిస్తే పళ్ళు వదులవుతాయని చాలామంది భయపడతారు. నిజానికి ఎముక ముందే కరిగి ఉంటుంది. అడ్డుగా ఉన్న గార పోగానే ఆ సందు బయటపడుతుంది, అంతే.

ఆ సహోదరికి చిగుళ్ళ చికిత్స జరిగింది. రెండు పళ్ళు తీయవలసి వచ్చింది. ముందే అడిగి ఉంటే అవి నిలిచేవేమోనని మాకు ఇప్పటికీ బాధే. కూరలు నమలగలుగుతోంది, సాయంత్రం నడుస్తోంది. ఆరు నెలలకు బరువు 75 కిలోలు, హెచ్‌బిఏ1సి 8.5. ఇంకా తగ్గాలి. కానీ కొంగు అడ్డం తీసింది, మరల పాటల బృందంలో నిలబడింది.

ఇప్పుడు మేము అందరినీ నోరు తెరవమని అడుగుతున్నాము. మేము మరచిపోతే మీరే గుర్తుచేయండి. దేవుడు మిమ్మును ఆరోగ్యముతో కాపాడునుగాక.