చిల్లుతోనే పుట్టించే మర

1920 ప్రాంతంలో న్యూయార్క్‌లో అడాల్ఫ్ లెవిట్ బేకరీ ముందు జనం మూగేవాళ్లు. యూరప్ నుంచి వలస వచ్చిన ఈ యూదు వ్యాపారి బాణలిలో డోనట్లు వేయించి అమ్మేవాడు. నాటకాలకు వచ్చేవాళ్లు ఎన్ని వేయించినా చాలవనేవాళ్లు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకైతే ఆ రుచి అప్పటికే అలవాటు. 1917లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో సాల్వేషన్ ఆర్మీకి చెందిన హెలెన్ పర్వియన్స్, మార్గరెట్ షెల్డన్ వాళ్లకోసం డోనట్లు వేయించడం మొదలుపెట్టారు. అప్పడాల కర్ర లేక ద్రాక్షసారా సీసాతో పిండి వత్తారట.

చేతులతో పని తెమలడం లేదని లెవిట్ ఒక ఇంజనీరు సాయంతో మర తయారుచేయించాడు.

ఇలాంటి మరకు పైన పిండి తొట్టి, దాని అడుగున గొట్టం, గొట్టం కొసన ఒక బిళ్ల ఉంటాయి. బిళ్ల చుట్టూ ఉన్న సందులోంచి పిండి ఉంగరంలా జారి కాగే నూనెలో పడుతుంది. అంటే ఇక్కడ చిల్లు పొడిచే పనే లేదు, డోనట్ చిల్లుతోనే పుడుతుంది. సగం మునిగి సగం తేలుతూ నూనె కాలవలో ముందుకు సాగుతుంది. కింది వైపు వేగేసరికి ఒక రేకు దాన్ని తిరగేస్తుంది. రెండో వైపూ ఎర్రబడ్డాక వాలు మీదుగా ఎక్కి బుట్టలోకి దొర్లుతుంది. లెవిట్ దీన్నంతా అద్దాల కిటికీలో పెట్టాడు. ప్రకటన ఖర్చు లేకుండానే వీధిలో జనం ఆగి చూశారు.

చిల్లు సోకు కోసం పెట్టింది కాదు. నూనె 180 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. పిండిలోని నీరు ఆవిరై బుడగలుగా బయటికి తన్నుకొస్తుంది. ఆ తోపుడు ఉన్నంతసేపు నూనె లోపలికి పెద్దగా చొరబడలేదు. అయితే పిండి మందంగా ముద్దలా ఉంటే, పైన మాడిపోయేసరికి కూడా నడుమ పచ్చిగానే ఉంటుంది. చిల్లు ఉంటే వేడి బయటి నుంచీ లోపలి నుంచీ అందుతుంది. 1847లో ఆ చిల్లు కనిపెట్టింది తానేనని హాన్సన్ గ్రెగరీ అనే అమెరికా నావికుడు ముసలితనంలో చెప్పుకున్నాడు. గారెలు వేసే మన అమ్మమ్మలెవరూ ఆ సంగతి పత్రికలవాళ్లకు చెప్పుకోలేదు!

గారెల పిండి జారైతే అమ్మమ్మ గుప్పెడు బియ్యప్పిండి కలిపి సరిచేస్తుంది. మరకు ఆ చెయ్యి లేదు. పల్చనైతే ఉంగరం వంకరపోతుంది, గట్టిపడితే బిళ్ల దగ్గరే ఇరుక్కుంటుంది. పిండి ఎప్పుడూ ఒకేలా ఉండాలంటే దాన్ని కూడా ఫ్యాక్టరీలోనే కలపాలి. అందుకే లెవిట్ స్థాపించిన డోనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా, బేకరీలకు మరలతోపాటు ముందే పాళ్లు కలిపిన పొడిపిండినీ అమ్మింది. నన్నడిగితే అసలు తెలివి ఇక్కడే ఉంది. మర కొన్నవాడు మళ్లీ ఎన్నో ఏళ్లకు గాని రాడు. పిండి అయిపోయినవాడు రాక తప్పదు.

1943లో రాబర్ట్ మెక్‌క్లాస్కీ రాసిన పిల్లల పుస్తకం 'హోమర్ ప్రైస్'లో ఇలాంటి మరే ఆగనని మొండికేసి, హోటల్ నిండా డోనట్లు పోస్తుంది. అప్పటికి ఆ మర పిల్లలకు కూడా తెలిసిన వస్తువన్నమాట.

లెవిట్ దారిలోనే నడిచినవాడు వెర్నన్ రుడాల్ఫ్. 1937లో నార్త్ కరొలైనాలోని విన్‌స్టన్-సేలంలో క్రిస్పీ క్రీమ్ మొదలుపెట్టి, డోనట్లను దుకాణాలకు టోకున వేశాడు. వాసన పట్టుకుని వచ్చినవాళ్లు వేడివేడిగా ఇమ్మని అడిగితే గోడకు కంత కొట్టి అమ్మాడు. తర్వాత పిండి ఫ్యాక్టరీ, మరల తయారీ రెండూ సొంతంగా పెట్టుకున్నాడు. 1950ల నాటి ఆ కంపెనీ మర, రింగ్ కింగ్ జూనియర్, 1997లో స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది.

డంకిన్ డోనట్స్ కథ వేరు. 1948లో మసాచుసెట్స్‌లోని క్విన్సీలో విలియం రోజెన్‌బర్గ్ పెట్టిన కొట్టులో డోనట్‌తోపాటు కాఫీ కూడా అమ్మేవారు. ఆ కాఫీయే చివరికి పైచేయి సాధించింది. అమ్మకాల్లో సగానికి మించి పానీయాలవే అయ్యాక, 2019 జనవరి నుంచి కంపెనీ తన పేరులోంచి 'డోనట్స్' తీసేసింది.

ఇంత పెద్ద కంపెనీకీ కాలిఫోర్నియాలో చాలాకాలం పప్పులుడకలేదు. 1975లో కంబోడియా నుంచి శరణార్థిగా వచ్చిన టెడ్ నోయ్ డోనట్ పని నేర్చుకుని, కొట్లు ఒక్కొక్కటే కొని, తనవాళ్లకు అద్దెకిచ్చాడు. ఆ కుటుంబాలు తెల్లవారకముందే లేచి, భార్యాభర్తలు పిండి కోసి వేయిస్తే పిల్లలు గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు. కూలి ఖర్చు లేని ఆ కొట్లతో ధరలో పోటీపడటం జీతాలిచ్చే గొలుసు కంపెనీల వల్ల కాలేదు.