పొగలేని కారు – అసలు లెక్క

విద్యుత్ కారునకు పొగగొట్టము లేదు. అయినను, “ఆ పొగ విద్యుత్కేంద్రము వద్ద వెలువడుట లేదా?” యని గ్రామస్థులు మమ్ము ప్రశ్నించుట సమంజసమే.

లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఇంధనశక్తిలో అధికభాగము వేడిమిగా వ్యర్థమగును. విద్యుత్ మోటారులో వ్యర్థము స్వల్పము. కాని మన విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గునుండియే లభించుచున్నది. బ్యాటరీకి లిథియము వంటి లోహములను త్రవ్వవలెను. కావున విద్యుత్ కారు అప్పుతో పుట్టి, తిరుగుకొలది దానిని తీర్చుకొనును.

ఇవన్నియు లెక్కించి, భారతదేశమున విద్యుత్ కారు జీవితకాలమున భూతాపమును పెంచు వాయువులు పెట్రోలు కారుకంటె 19 నుండి 34 శాతము తక్కువని 2021లో ఒక అంతర్జాతీయ పరిశోధన తేల్చినది. ఓర్వకల్లువద్దవలె సూర్యరశ్మివలన లభించు విద్యుత్తు పెరిగినకొలది ఈ లాభము హెచ్చును.

వాడిన బ్యాటరీని చెత్తకుప్పపై పారవేయక, సేకరించువారికి అప్పగింపవలెనని మా మనవి.